పుట్టుకతో వచ్చిందనకండి, సాధించిందనండి: 2013 లూయీవిల్ అమ్మాయిల ఆటపై అభిమానులుగా మా మాట

(సంఘం వార్షికోత్సవ సభలో యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన పాట గురించి, డోలు గురించి, గుస్సాడీ, థింసా గురించి చెప్పడానికి మాకంటే తెలిసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. యువజన విభాగానికి ఇచ్చిన ఈ కొద్ది సమయంలో మేము ఒక ఆట గురించి, ఒక కాలేజీ జట్టు గురించి మాట్లాడదలిచాం. ఆట బాస్కెట్‌బాల్. జట్టు అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ విశ్వవిద్యాలయం అమ్మాయిలది. సంవత్సరం 2013. ఆ జట్టులో ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఉన్నారు. షోనీ షిమ్మెల్, జూడ్ షిమ్మెల్. ఇద్దరూ ఉమటిల్లా తెగల బిడ్డలు. ఆ ఆటల రికార్డింగులు మేము కలిసి కూర్చుని చాలాసార్లు చూశాం. ఆపి చూశాం, వెనక్కి తిప్పి చూశాం, వాదించుకున్నాం. ఈ మాటలు ఆ వాదనల సారం.

అభిమానులు మాట్లాడితే పొగడ్తే ఉంటుందని అనుకుంటారు. మేము పొగుడుతాం, లోపం కూడా చెబుతాం. మన బిడ్డల ఆటను ఆటగా లెక్కకట్టి చూడటమే వాళ్లకిచ్చే అసలు గౌరవం అని మా నమ్మకం.

ముందుగా ఈ ఆట తెలియని పెద్దల కోసం రెండు మాటలు. బుట్ట పది అడుగుల ఎత్తులో ఉంటుంది. దగ్గర నుంచి వేస్తే రెండు పాయింట్లు, గీత అవతల నుంచి వేస్తే మూడు. ఫౌల్ జరిగినప్పుడు ఇచ్చే ఫ్రీ త్రోకు ఒకటి. కోర్టులో ఒక్కో పక్క ఐదుగురే ఉంటారు. అమెరికాలో కాలేజీ ఆట మన జిల్లా పోటీల్లాంటిది కాదు. ప్రతి మార్చిలో దేశం మొత్తం మీద 64 అమ్మాయిల జట్లను ఎంపిక చేసి, నాలుగు విభాగాలుగా పంచి ఆడించేవారు. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఒక్కో విభాగంలో బలాన్ని బట్టి జట్లకు 1 నుంచి 16 దాకా వరుస సంఖ్య ఇస్తారు. లూయీవిల్‌కు వచ్చిన సంఖ్య 5. అంటే తమ విభాగంలోనే తమకన్నా నాలుగు జట్లు మెరుగైనవని లెక్క.

వయసు చూసినా అది లేత జట్టే. సారా హామండ్, బ్రియా స్మిత్, జూడ్ కాలేజీలో రెండో ఏడాది పిల్లలు. షోనీ, ఆంటోనిటా స్లాటర్ మూడో ఏడాది. ముఖ్యమైన ఆటగాళ్లలో పెద్దది మోనిక్ రీడ్ ఒక్కతే. ఆమె కూడా అంతకుముందు ఏడాది మోకాలి గాయంతో ఆటకు దూరమై తిరిగి వచ్చిన మనిషి. ఇంకొందరు గాయాలతో ఆ సీజన్‌లో బరిలోకే దిగలేదు. కోచ్ జెఫ్ వాల్జ్ చేతిలో మిగిలింది కొద్దిమందే.

ఇక ఆ అక్కాచెల్లెళ్ల ఊరు. ఒరెగాన్ రాష్ట్రం ఈశాన్యాన ఉమటిల్లా రిజర్వేషన్ ఉంది. రిజర్వేషన్ అనగానే మనకు చదువులో, ఉద్యోగాల్లో కోటా గుర్తొస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. తెగల భూములు తీసుకుని, ఒప్పందం రాయించుకుని, చివరికి వాళ్లకు మిగిల్చిన నేల పేరు రిజర్వేషన్. కయూస్, ఉమటిల్లా, వల్లా వల్లా అనే మూడు తెగలు 1855 ఒప్పందంలో దాదాపు 64 లక్షల ఎకరాలు వదులుకున్నాయి. మిగిలిన నేలలో మిషన్ అనే చిన్న ఊళ్లో ఈ పిల్లలు పెరిగారు. ఎనిమిది మంది పిల్లల కుటుంబం. తల్లి సీసీ మోజెస్ స్వయానా ఆటగత్తె, కోచ్. పిల్లలకు తొలి గురువు ఆమే. ఆమెకు పోర్ట్‌ల్యాండ్ నగరంలో ఒక హైస్కూల్ జట్టుకు కోచ్‌గా పని దొరికితే కుటుంబమంతా అక్కడికి మారింది. ఈ కథ మీద 2011లో 'ఆఫ్ ద రెజ్' అనే డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

రిజర్వేషన్లలో ఆడే ఆటకు 'రెజ్‌బాల్' అని పేరు. బంతి చేతికి చిక్కిందా, పరుగే. ఎదుటివాళ్లు సర్దుకుని నిలబడేలోగా అవతలి బుట్ట దగ్గరికి చేరాలి. దూరం నుంచి వెరవకుండా షాట్ వేయాలి. బంతి పోయిందా, వెంటనే మీద పడి తిరిగి లాక్కోవాలి. పొడవైన మనుషులు తక్కువున్న జట్టు, పొడవైన మనుషులున్న జట్టు మీద నెగ్గడానికి వేసుకున్న ఉపాయం ఇది. దీని వెనక ఆలోచన ఉంది, ఊపిరి తిత్తుల్లో నిలిచేదాకా చేసిన సాధన ఉంది. తొందరపాటు అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఆలోచనను చూడరు.

ఈ ఆటకూ అక్కడి ఆదివాసీ అమ్మాయిలకూ సంబంధం కొత్తది కాదు. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబర్‌లో. పదమూడేళ్లు తిరక్కుండానే, 1904లో, మోంటానాలోని ఫోర్ట్ షా అనే ప్రభుత్వ బోర్డింగ్ బడి నుంచి వేర్వేరు తెగల అమ్మాయిల జట్టు సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లింది. పిల్లల నోట తల్లి భాష మాన్పించడానికి పెట్టిన బడులవి. ప్రదర్శనలో వాళ్లను చూడటానికి వచ్చిన జనానికి వాళ్లొక వింత. ఆ అమ్మాయిలు అక్కడ ఎదురైన జట్లను ఓడించి విజేతల కప్పు తీసుకుని వెళ్లారు. చూడ్డానికి నిలబెట్టిన చోట ఆడి గెలిచారు. షోనీ, జూడ్ ఆ దారిలో నడిచిన మనవరాళ్లు అనుకుంటే తప్పు లేదు.

ఇప్పుడు ఆటలోకి వద్దాం.

మొదటి రెండు రౌండ్లలో మిడిల్ టెన్నెసీని, పర్డ్యూను దాటుకుని లూయీవిల్ ఓక్లహోమా సిటీ చేరింది. 2013 మార్చి 31న ఎదురుగా బేలర్ నిలబడింది. బేలర్ అంటే ఏమిటో చెప్పాలి. అంతకుముందు ఏడాది ఆడిన 40 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయిన జట్టు. ఈ ఏడాది అప్పటిదాకా ఓడింది ఒక్క ఆట. మధ్యలో బ్రిట్నీ గ్రైనర్, ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, చెయ్యి ఎత్తితే బుట్ట అందినంత పని. మన షోనీ ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ రోజు లూయీవిల్ గెలుస్తుందని చెప్పినవాళ్లు దాదాపు లేరు.

లూయీవిల్ 82, బేలర్ 81.

ఎలా జరిగింది? మా లెక్కలో మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది, గ్రైనర్‌కు బంతి అందకుండా చేయడం. ఒకరు వెనక, ఒకరు ముందు, బంతి గాల్లోకి లేవగానే మూడో మనిషి పరుగున వచ్చేది. ఎత్తులో ఆమెతో ఎవరూ పోటీ పడలేరు గనుక, బంతి ఆమె దాకా రాకముందే పోటీ పెట్టారు. మొదటి అర్ధభాగమంతా ఆమె ఆడుతూ ఉండగా ఒక్క బుట్ట వేయలేకపోయింది. ఆట మొత్తం మీద ఆమె పాయింట్లు 14. ఈ డిఫెన్స్ మొరటుగా ఉందని ఆక్షేపించినవాళ్లు ఉన్నారు. రాసుకుని, తోసుకుని ఆడిన మాట నిజమే. అయితే ఆ పనికి మూల్యం కూడా ఉంది. ముగ్గురు ఒకరి మీద పడితే మిగతా నలుగురిని ఇద్దరే చూసుకోవాలి. బేలర్ గార్డ్ ఒడిస్సీ సిమ్స్ ఆ ఖాళీల్లోంచి వచ్చి 29 పాయింట్లు వేసింది. అది తెలిసి ఒప్పుకున్న నష్టం.

రెండోది, మూడు పాయింట్ల షాట్లు. లూయీవిల్ గీత అవతల నుంచి 25 వేసింది, 16 పడ్డాయి. లెక్క చూడండి. 16 మూళ్లు 48. అవే బుట్టలు దగ్గర నుంచి పడి ఉంటే 32. తేడా 16 పాయింట్లు. ఆట తేలింది ఒక్క పాయింట్ మీద. ఆ పదహారులో ఏడు ఆంటోనిటా స్లాటర్‌వి. పత్రికలు మర్నాడు షోనీ బొమ్మే వేశాయి గానీ, మా దృష్టిలో ఆ రోజు జట్టుకు వెన్నెముక స్లాటర్. ఆమె బంతి పట్టుకున్నాక ఎక్కువసేపు దాచుకోలేదు, డ్రిబ్లింగ్‌తో ఆడంబరం చేయలేదు. ముందే పాదాలు సర్దుకుని నిలబడి, బంతి చేతిలో పడగానే వేసింది. చెల్లెళ్లూ, షాట్ అంటే చేతి పని అనుకోకండి. ఆ రికార్డింగ్‌లో ఆమె పాదాలు చూడండి.

మూడోది షోనీ ధైర్యం. ఆ రోజు ఆమె పాయింట్లు 22. అందరూ గుర్తు పెట్టుకున్న ఆ ఒక్క షాట్ గురించి చెప్పకుండా ఉండలేం. నేరుగా గ్రైనర్ మీదికే దూసుకెళ్లి, బంతిని వీపు వెనక నుంచి ఇటు చేతికి మార్చుకుని, ఆ పొడవైన చేతుల పక్క నుంచి బుట్టలో వేసింది. పైగా ఫౌల్ కూడా రాబట్టింది. దేశంలో ఎవరి ముందైతే బుట్ట దగ్గరికి వెళ్లడానికి జంకేవాళ్లో, ఆ మనిషి ముందుకే వెళ్లింది. ఆ షాట్ విలువ రెండు పాయింట్లే కావచ్చు. తన జట్టులోని మిగతా నలుగురికి అది చెప్పిన మాట పెద్దది.

ఇప్పుడు లోపం. రెండో అర్ధభాగంలో లూయీవిల్‌కు 19 పాయింట్ల ఆధిక్యం వచ్చింది. అంత ఆధిక్యం చివరి నిమిషాల్లో కరిగిపోయింది. మేము చూసినంతలో కారణం అలసట ఒక్కటే కాదు. ముందున్న జట్టు బంతిని నిలిపి, సమయం తినేలా ఆడాలి. ఈ పిల్లలు వెనకబడినప్పుడు ఎలా ఆడతారో, ముందున్నప్పుడు కూడా అలాగే పరుగుతో ఆడారు. రెజ్‌బాల్ బలం ఎక్కడుందో బలహీనత కూడా అక్కడే ఉంది. 9 సెకన్లు మిగిలి ఉండగా సిమ్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి బేలర్‌ను 81-80తో ముందుకు తెచ్చేసింది.

అప్పుడు బంతి తీసుకుని బుట్ట మీదికి వెళ్లింది మోనిక్ రీడ్. ఏడాది ముందు మోకాలు చెడిపోయిన ఆ అమ్మాయే. ఫౌల్ వచ్చింది. ఇంకా 2.6 సెకన్లు. రెండు ఫ్రీ త్రోలు, రెండూ పడ్డాయి. సిమ్స్ చివరి షాట్ పడలేదు. ఫ్రీ త్రో గీత దగ్గర ఎవరూ అడ్డుండరు, ఎవరూ సాయముండరు. ఖాళీ కోర్టులో వేలసార్లు వేసిన షాటే ఆ క్షణంలో కూడా వేయాలి. ఆ ఆటలో అన్నిటికన్నా అందమైన దృశ్యం మాకు ఆ రెండు ఫ్రీ త్రోలే.

రెండు రోజుల తర్వాత టెన్నెసీ మీద 86-78. షోనీ 24 పాయింట్లు. ఈసారి కూడా పెద్ద ఆధిక్యం వచ్చింది, ఈసారి కూడా ప్రత్యర్థి దగ్గరికొచ్చింది. ఐతే ఆధిక్యం పూర్తిగా చేజారనివ్వలేదు. అంటే రెండు రోజుల్లో కొంత నేర్చుకున్నారు. ఏప్రిల్ 7న న్యూ ఆర్లీన్స్‌లో సెమీఫైనల్. కాలిఫోర్నియా ముందు మొదటి అర్ధభాగం ముగిసేసరికి పది పాయింట్లు వెనకబడి, చివరికి 64-57తో గెలిచారు. మా అంచనాలో వీళ్ల ఎదుగుదల బాగా కనిపించింది ఈ ఆటలోనే. మొదటి ఇరవై నిమిషాలు దూరపు షాట్లు అనుకున్నట్టు పడలేదు. రెండో సగంలో డిఫెన్స్ గట్టిచేసుకుని ఆడారు. షాట్ పడని రోజున కూడా గెలవగలిగితేనే జట్టు ముదిరినట్టు. 5వ సంఖ్య వచ్చిన జట్టు అమ్మాయిల ఫైనల్‌కు చేరడం అదే మొదటిసారి.

ఏప్రిల్ 9న ఫైనల్. కనెక్టికట్ 93, లూయీవిల్ 60.

దీని గురించి కూడా సూటిగా మాట్లాడాలి. 33 పాయింట్ల తేడా అప్పటిదాకా అమ్మాయిల ఫైనల్స్‌లో అన్నిటికన్నా పెద్దది. అదే సీజన్‌లో అంతకుముందు కూడా కనెక్టికట్ వీళ్లను ఓడించింది గనుక వీళ్ల పరుగు, వీళ్ల దూరపు షాట్లు వాళ్లకు కొత్త కాదు. వాళ్లు గీత దగ్గర ఖాళీ ఇవ్వలేదు. బేలర్‌కు ఒక్క గ్రైనర్ చుట్టూ ఆట నడిచేది, ఆమెను కట్టేస్తే సరిపోయింది. కనెక్టికట్‌లో ఐదుగురూ వేయగలరు, ఎవరిని కట్టేయాలి? పైగా ఆ రోజు 23 పాయింట్లతో ఆటను లాక్కుపోయిన బ్రియానా స్టీవర్ట్ కాలేజీలో మొదటి ఏడాది పిల్ల. కాబట్టి 'మాది చిన్న వయసు జట్టు, అందుకే ఓడాం' అనే మాట చెల్లదు. ఎదుటి జట్టు మెరుగ్గా ఆడింది. ఈ మాట చెప్పడం వల్ల షోనీ, జూడ్ చిన్నబోరు. ఓటమిని ఓటమిగా చెప్పగలిగినప్పుడే బేలర్ మీద గెలుపును గెలుపుగా చెప్పే హక్కు మనకుంటుంది.

అక్కాచెల్లెళ్లను విడివిడిగా చూస్తే, షోనీది మెరుపు ఆట. ఎవరూ ఊహించని పాస్ ఇస్తుంది, ఎవరూ వేయని దూరం నుంచి వేస్తుంది. అదే చేత్తో అనవసరమైన షాట్ వేస్తుంది, బంతి పోగొడుతుంది. ఆమెను కట్టేస్తే పొరపాట్లతో పాటు మెరుపులు కూడా పోతాయి. కోచ్ ఆ రెండిటినీ కలిపి భరించాడు. జూడ్‌ది నిదానం. ఖాళీగా ఉన్న మనిషిని చూసి బంతి ఇస్తుంది, ఎదుటివాళ్ల పాస్ ఎటు వస్తుందో పసిగట్టి చెయ్యి పెడుతుంది. పాయింట్ల పట్టికలో ఇవన్నీ పెద్దగా కనిపించవు. మా మధ్య వాదన ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది: ఎవరు గొప్ప? మాలో సగం మంది అక్క వైపు, సగం చెల్లి వైపు. అది తేలదు, తేలనక్కర్లేదు.

ఆ ఇద్దరిని చూడటానికి వేర్వేరు రాష్ట్రాల నుంచి తెగల జనం గంటల కొద్దీ కార్లలో ప్రయాణం చేసి వచ్చేవాళ్లు. ముసలమ్మలు, చంటిపిల్లలు, తెగల పేర్లు రాసుకున్న అట్టలు. 2014 మార్చిలో షోనీ సొంత మైదానంలో ఆడిన చివరి లీగ్ ఆటకు 22 వేల మందికి పైగా వచ్చారు. అదే ఏడాది ఆమెను అట్లాంటా జట్టు ఎనిమిదో స్థానంలో ఎంపిక చేసుకుంది. మొదటి ఏడాదే వృత్తి ఆటగాళ్ల ఆల్ స్టార్ ఆటలో 29 పాయింట్లు వేసి ఉత్తమ క్రీడాకారిణి అయింది.

ఇంత చెప్పింది ఒక మాట కోసం.

బేలర్ మీద గెలిచిన మర్నాడు నుంచి రెండు మాటలు పదేపదే వినిపించాయి. ఒకటి 'అద్భుతం'. రెండోది 'పుట్టుకతో వచ్చిన ప్రతిభ'. రెండూ మెచ్చుకోలు లాగే ఉంటాయి. మనకు ఈ రెండో మాట బాగా పరిచయం. మన పిల్ల పరుగు పందెంలో గెలిస్తే 'అడవి బిడ్డ కదా, కొండలెక్కి పెరిగింది, పరుగు పుట్టుకతోనే వస్తుంది' అంటారు. మన పిల్లవాడు లెక్కల్లో తప్పితే అదే నోటితో 'వాళ్లకు అంతే' అంటారు. గెలిచినా ఓడినా పుట్టుకే కారణమైతే, ఇక సాధన ఎవరు చూడాలి? కోచ్‌ను ఎందుకు వేయాలి? కోర్టు ఎందుకు కట్టాలి? ఆ పొగడ్త వెనక ఉన్న నష్టం ఇది.

మలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె తండా నుంచి నేరుగా శిఖరం మీదికి వెళ్లలేదు. భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టడం నేర్చుకుంది. డార్జిలింగ్ వెళ్లి మంచులో శిక్షణ పొందింది. ఆమెను ఎంచిన వాళ్లు, నేర్పిన వాళ్లు, ఖర్చు భరించిన వ్యవస్థ ఉన్నాయి. ముండా తెగ బిడ్డ జైపాల్ సింగ్ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్. ఆయన కూడా ఆక్స్‌ఫర్డ్ మైదానాల్లో ఏళ్ల తరబడి ఆడి ఆ స్థాయికి ఎదిగాడు. స్లాటర్ పాదాలు, రీడ్ ఫ్రీ త్రోలు, ఇంటినే జట్టుగా మార్చిన సీసీ మోజెస్ ఓపిక కూడా ఆ వరుసలోవే.

కాబట్టి పెద్దలకు మా విన్నపం. మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఎక్కడైనా పిల్లలు ఆడుతుంటే పది నిమిషాలు నిలబడి చూడండి. చప్పట్లు కొట్టండి, ఆ తర్వాత అడగండి: కోచ్ ఉన్నాడా? బుట్టకు వల ఉందా? వారానికి ఎన్ని రోజులు సాధన? అమ్మాయిలకు సాయంత్రం కోర్టు దొరుకుతుందా, లేక వంట పని దొరుకుతుందా? ఈ ప్రశ్నలు సంఘం తరఫున అధికారుల దాకా వెళ్లాలి. పెళ్లి మాట రాగానే ఆట మాన్పించే ఇళ్ల దాకా కూడా వెళ్లాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు చెప్పేది ఒకటే. మీరు గెలిచినప్పుడు ఎవరైనా 'అడవి రక్తం' అంటే నవ్వుతూ, 'కాదండీ, రోజుకు రెండొందల షాట్లు' అని చెప్పండి. చెప్పాలంటే ముందు ఆ రెండొందలూ వేయాలి. ఓడినప్పుడు కూడా పుట్టుకను, ఊరిని, వయసును అడ్డం పెట్టుకోకండి. ఎదుటి జట్టు ఏం బాగా చేసిందో రాసుకోండి, మర్నాడు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఆ రికార్డింగులు మా దగ్గర ఉన్నాయి. ఎవరైనా సరే వచ్చి మాతో కూర్చుని చూడవచ్చు. అక్క గొప్పో చెల్లి గొప్పో వాదించడానికి మాకు మనుషులు తక్కువయ్యారు.

సెలవు. జై ఆదివాసీ.